చప్పట్ల సురేంద్ర, మా ఇంటి బొంతలు

సురేంద్ర ఏ గదిలో అడుగుపెట్టినా ముందు ఒక చప్పట కొట్టేవాడు. కూర్చోవడం తర్వాత, మంచినీళ్లు తర్వాత, "బాగున్నారా" అనడం ఇంకా తర్వాత. గది మధ్యకు వచ్చి, రెండు చేతులూ ఎత్తి, ఠప్పున ఒక్కటి చరిచి, మెడ పక్కకు వాల్చి, గోడ ఏం జవాబు చెబుతుందా అని ఎదురుచూసేవాడు. ఆ జవాబును బట్టి అతని ముఖం విప్పారేది, లేదా ముడుచుకుపోయేది. మనుషులు చెప్పేది ఆ తర్వాతే వినేవాడు.

ఒకసారి అలా చప్పటతో మొదలుపెట్టిన గొడవను అతను నా నోటితో గెలవడం నేను కళ్లారా చూశాను.

గోపన్‌పల్లిలో మా ఇంటి పైవాటాలోకి అతను కిరాయికి దిగిన కొత్త. ఊరు ప్రొద్దుటూరు. గచ్చిబౌలిలో ఏదో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. సెలవు రోజుల్లో ఇంట్లో కూర్చుని కథలు పైకి చదివి రికార్డు చేసేవాడు. ఆఫీసు బస్సుల్లో పోయే జనం వాటిని ఫోన్లో పెట్టుకుని వినేవాళ్లట. దానికోసం వెనక గదిని తయారుచేయమని రాకేశ్ అనే దుకాణం పిల్లగాణ్ని పిలిపించాడు. వాడు ముళ్లు ముళ్లుగా ఉన్న నల్ల స్పాంజి ముక్కలు ఆటో నిండా తెచ్చి గోడలకు అతికించాడు. ఆ గది చూస్తే పనసకాయ కడుపులో కూర్చున్నట్టుంది.

"ఇగ చూడన్నా," అన్నాడు రాకేశ్ నడుం మీద చేతులు పెట్టుకుని. "బయట లారీ పోయినా లోపల మీకు తెల్వది. ఫికర్ చెయ్యకు."

సురేంద్ర చప్పట కొట్టాడు. మెడ వాల్చాడు. "మోత తగ్గింది, అది నిజమే. బయట సప్పుడు మాత్రం ఆగదు."

"ఎందుకు ఆగదన్నా? ఊరంతా గిదే పెట్టుకుంటున్నరు!"

"ఇది లోపల మోగేదానికి మందు నాయనా. బయటనుంచి వచ్చేదానికి గాదు. దానికి గోడ బరువుండల్ల, తలుపుకు సందు ఉండగూడదు. దోమతెర కట్టి వాన ఆపుతానంటే ఎట్లప్పా?"

రాకేశ్ గొంతు పెరిగింది. పదేళ్ల నుంచి ఇదే పని అన్నాడు, చదువుకున్నవాళ్లతో ఇదే పరేషాన్ అన్నాడు. సురేంద్ర గొంతు మాత్రం పెరగలేదు. నా వైపు తిరిగి, "అవ్వా, మీరొకసారి కిందికి పోయి కూరగాయలామెతో బేరం చేస్తారా?" అన్నాడు.

అడగాలే గానీ నాకేం అడ్డం! కిందికి దిగాను. బండి గేటు దగ్గరే ఉంది. "ఇవి టమాటలా, నీళ్ల సంచులా? పొద్దుగాల కడిగినవా, నిన్న పొద్దుగాల కడిగినవా?" అని మొదలుపెట్టి, రోజూ ఎంత గొంతుతో అంటానో అంతే గొంతుతో, ఒక్క మాట కూడా ఎక్కువ కాకుండా అన్నాను. రెండు నిమిషాలకు పైనుంచి రాకేశ్ దిగివచ్చాడు. ముఖం టమాటలకన్నా మెత్తబడింది.

"తలుపు మూసుకున్నా ప్రతి మాట లోపలికొచ్చింది అవ్వా," అన్నాడు. "బెండకాయల సంగతి గూడ."

తెచ్చిన స్పాంజి తెచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది. గొడవ గెలిచిన మనిషి సంతోషపడాలి కదా! సురేంద్ర బోసిగోడల మధ్య నిలబడి మళ్లీ చప్పట కొట్టి, "పాపం, మోతకు మాత్రం బాగనే పని చేసింది," అని విచారించాడు.

మా ఇల్లు దొరికేదాకా అతను పద్నాలుగు ఇళ్లు చూశాడట. ప్రతి ఇంట్లో చప్పట. ఒకచోట ఇల్లుగలాయన అతన్ని వాస్తు పండితుడనుకుని చేతులు కట్టుకుని నిలబడి, "ఎలా ఉందండీ?" అని అడిగాడట. మనవాడు మెడ వాల్చి, "తూర్పు గోడే అంతా చెడగొడతాంది," అన్నాడు. ఆ తర్వాత నెలకు ఆ దారిన పోతే తూర్పు గోడ లేదు, ఇసుక కుప్ప ఉంది.

ఇంకొకటి చెబుతాను. నిజాంపేటలో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి సురేంద్రను కూడా తీసుకెళ్లాను. ఫంక్షన్ హాలంతా నున్నటి రాయి, అద్దాలు, పైన రేకు. పెళ్లికొడుకు ఒక్కడే మంటపంలో ఉన్నాడు, పెళ్లికూతురు ఇంకా గదిలో చీర మార్చుకుంటోంది. బాజాలవాళ్లు కునుకు తీస్తున్నారు. మనవాడు లోపలికి వచ్చి, మధ్యకు నడిచి, ఠప్పున చరిచాడు. ఆ హాలు ఆ చప్పటను పదింతలు చేసి తిరిగి విసిరింది. బాజాలవాళ్లు పంతులుగారు సైగ చేశారనుకుని ఉలిక్కిపడి లేచి గట్టిమేళం అందుకున్నారు. గట్టిమేళం వినబడితే చేతిలో అక్షింతలున్న మనిషి ఆగుతాడా? మూడు వందల మంది ఒక్కసారిగా విసిరారు. పెళ్లికొడుకు ఒక్కడూ ఆశీర్వాదాలలో మునిగిపోయాడు. పంతులుగారి చెవిలో నుంచి బియ్యం తీయడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

మగపెళ్లివారు "ఎవడు? ఎవడు?" అని వెతుకుతుంటే సురేంద్ర నా పక్కన కూర్చుని, "అవ్వా, ఈ హాలు మూడు సెకండ్లు మోగుతాంది. ఇక్కడ మంత్రాలు చదివితే దేవునికి గూడా అర్థం గాదు," అన్నాడు ఎంతో బాధగా.

నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎందుకంటే మా కొత్త ఇంటి హాల్లో నాకూ అలాగే ఉండేది. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు వేశాక, నా కొడుకు మధుకర్ హాలంతా అద్దంలా మెరిసే రాయి పరిపించాడు. ఆ హాల్లో మనుషులు మాట్లాడితే మాటలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయేవి. గొంతు వినబడేది, మాట తెలిసేది కాదు.

వేరే ఎవరికైనా అది పెద్ద సంగతి కాదు. నాకు మాత్రం ప్రాణసంకటం. ముప్పై ఏళ్ల నుంచి మా గల్లీలో ఎవరికి తగాదా వచ్చినా నా దగ్గరికే వస్తారు. నేను కుర్చీలో కూర్చుంటాను, వాళ్లు చెబుతారు, నేను తీర్పు చెబుతాను. చంద్రమ్మకు మాట అందడం లేదని తెలిస్తే మర్నాటి నుంచి ఆ తగాదాలన్నీ పక్కింటి పుణ్యవతి అరుగెక్కుతాయి. ఆమెది నా ఈడే. నా కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పదేళ్లుగా చూస్తున్న మనిషి.

అందుకని ఉపాయం కనిపెట్టాను. ఎవరు ఏం చెప్పినా కళ్లు చిన్నవి చేసి, "ఇంకోసారి చెప్పు. అబద్ధమైతే రెండోసారి మాట మారుతది," అనేదాన్ని. రెండుసార్లు విని, పెదవులు చూసి, ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. గల్లీలో ఏమనుకున్నారో తెలుసా? చంద్రమ్మ ముందు అబద్ధం నిలబడదని ఇంకా పేరు పెరిగింది.

సురేంద్రకు పాత ఇంటి ముచ్చట చెబితే మాత్రం పండగే. ఒకరోజు ఏదో మాటల్లో మూరెడు మందం మట్టిగోడలని అన్నాను. అతను తింటున్న అటుకులు పక్కన పెట్టేశాడు.

"మూరెడా? పైన?"

"గూనపెంకలు."

"నేల?"

"పేడతో అలికిన నేల. మూలకు జొన్నల గుమ్మి, నా ఎత్తు ఉండేది. దండేల మీద బొంతలు. అటక మీద పత్తి మూటలు."

"అబ్బబ్బా! ఆ ఇంట్లో మాట ఎట్లుండె అవ్వా?"

అలా అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఎన్ని గదులు, ఎన్ని గజాలు అని అడుగుతారు గానీ మాట ఎలా ఉండేదని ఎవరడుగుతారు? ఆలోచిస్తే నాకే గుర్తొచ్చింది. మా ఆయన వాకిట్లో చెప్పులు విడిచే తీరును బట్టి, వంటింట్లో ఉన్న నేను ఆ పూట ఆయనకు మజ్జిగ పోయాలో, మాట్లాడకుండా ఉండాలో తెలుసుకునేదాన్ని. పిల్లలు గుసగుసలాడితే గుసగుసగానే అందేది. వాన పడితే పైన పెంకుల మీదే పడేది, ఇంట్లో మనుషుల గొంతుల మీద పడేది కాదు.

"అట్లాంటిది పడగొట్టినారా!" అని సురేంద్ర తల కొట్టుకున్నాడు. ఇల్లు కూల్చిన రోజు నా సొంత తమ్ముడు కూడా అంత ఏడవలేదు. తమ్ముడికి కలపలో వాటా వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ బొంతలు ఏమయ్యాయని అడిగాడు. సందుగలో ఉన్నాయన్నాను. పరుపులు వచ్చాక ఇంట్లో వాటిని ముట్టినవాళ్లు లేరు. తీసి చూపించాను. మొత్తం పదిహేడు. పాత చీరలు నాలుగైదు పొరలు వేసి, మధ్యలో పత్తి పరిచి, నేను చేత్తో కుట్టినవి. ఒకదాంట్లో మా అత్తగారి నేత చీర, ఒకదాంట్లో నేను పెళ్లయి వచ్చిన చీర, ఒకదాంట్లో మధుకర్ పుట్టినప్పటి పొత్తిగుడ్డలు. సురేంద్ర ఒకదాన్ని నోటి ముందు పట్టుకుని "ఆ" అన్నాడు, తీసేసి "ఆ" అన్నాడు. మళ్లీ పట్టుకున్నాడు. ముఖం పౌర్ణమి!

"ఇవి నాకు ఇస్తారా అవ్వా?"

"కప్పుకుంటవా?"

"గోడకు కప్పుతా."

కప్పాడు. వడ్రంగితో చట్రాలు చేయించి, ఒక్కో చట్రానికి ఒక్కో బొంత బిగించి, గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల దూరంలో వేలాడదీశాడు.

"గా సందు ఎందుకురా? బల్లులు కాపురం పెడతయి."

"గోడకూ బొంతకూ నడుమ గాలి గూడా పని చేస్తాదవ్వా. సందిస్తే మందం పెంచినంత లెక్క."

గది మూలల్లో లావు గొంతు మోత పేరుకుంటుందట. దానికి నాలుగు బొంతలను చుట్టలు చుట్టి మూలకొకటి నిలబెట్టాడు. తెలియక దీపం లేకుండా వెళ్లిన రోజు, నలుగురు మనుషులు ఇంట్లో చొరబడి గోడవైపు తిరిగి నిలబడ్డారనుకుని చీపురు తిరగేశాను. మా అత్తగారి చీర బొంతకు నాలుగు దెబ్బలు పడ్డాయి. ఎన్నో ఏళ్ల బాకీ అనుకున్నాను.

బొంతలు లోపలి మోతను ఆపాయి గానీ నా నోటిని ఏ బొంత ఆపుతుంది? అందుకు ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. రికార్డింగు ఉన్నప్పుడు పైన పిట్టగోడ మీద ఎర్ర తువ్వాలు ఆరేసేవాడు. తువ్వాలు ఉన్నంతసేపు నేను కూరగాయలామెతో వేళ్లతో బేరం చేసేదాన్ని. ఆమె తట్టుకోలేక ఒకసారి, "నీకు దండం పెడతా అమ్మా, తిట్టు. గీ వేళ్లు చూస్తే భయమైతుంది," అంది.

ఇదంతా అయ్యాక ఒకరోజు సురేంద్ర ఆరు బొంతలు భుజాన వేసుకుని మా హాల్లోకి వచ్చాడు. చప్పట కొట్టాడు. మూతి ముడిచాడు.

"అవ్వా, మీ హాలు మోతంతా మెట్ల మీదుగా నా గదిలోకి వస్తాంది. ఇవి నా దగ్గర మిగిలినాయి. కొన్నాళ్లు ఇక్కడ కడతా."

మధుకర్ సాయంత్రం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. నా కుర్చీ వెనక బొంత, ఎదురుగా బొంత, అద్దాల కిటికీకి మందపు పరదా, మెరిసే రాయి కనబడకుండా జంపఖానా.

"ఏందమ్మా గిది? హాలా, పరుపుల దుకాణమా?"

"సురేంద్రనడుగు."

"సురేంద్రా, వచ్చినోళ్లు ఏమనుకుంటరు?"

"నన్ను పిచ్చోడనుకుంటారన్నా. అలవాటే," అని నవ్వాడు.

అనుకున్నారు కూడా. పుణ్యవతి అయితే గల్లీ అంతా తిరిగి చెప్పింది. "చంద్రమ్మ కిరాయిదారుకు తిక్క. వానికి కోడలికన్న ఎక్కువ చనువిచ్చింది," అని. ఆ మాట ఆమె మా హాల్లోనే, అటు తిరిగి, ఎవరితోనో మెల్లగా అంది. ప్రతి అక్షరం నాకు అందింది. నాకు సంబరమైంది! ఆ మధ్య చెవుల్లో నువ్వుల నూనె వేసుకుంటున్నాను, దాని మహిమే అనుకున్నాను. కనబడినవాళ్లందరికీ నువ్వుల నూనె చెప్పాను. "ఇంకోసారి చెప్పు" అనడం మానేశాను. తీర్పులు పరుగులు తీశాయి.

దసరా దగ్గర పడింది. ఇల్లు దులుపుతూ బొంతల వైపు చూశాను. రెండు నెలలుగా ఎండ మొహం చూడని బొంతను ఇంట్లో ఉంచే ఆడది నేను కాదు. సురేంద్ర ఆఫీసుకు వెళ్లగానే హాల్లో ఆరూ విప్పించి, జంపఖానాతో సహా మిద్దె మీద ఆరవేయించాను. పరదా నానబెట్టించాను. హాలు మళ్లీ అద్దంలా మెరిసింది.

సరిగ్గా ఆ సాయంత్రమే మల్లమ్మ, బాలమ్మ వచ్చారు. ఇద్దరూ తోటికోడళ్లు, ఒకే ఇంట్లో పైన ఒకరు, కింద ఒకరు. వెనకే పుణ్యవతి, తగాదా చూడటానికి. ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు. నాకు చేతులు కనబడుతున్నాయి, నోళ్లు కనబడుతున్నాయి. మాట ఒక్కటీ లేదు. పెద్ద గిన్నెలో గులకరాళ్లు ఆడించినట్టుంది.

"ఇంకోసారి చెప్పు," అన్నాను. చెప్పారు.

"నువ్వు చెప్పు బాలమ్మా. నిదానంగ." చెప్పింది. ఏదో మెట్ల కింద అని తెలిసింది.

మూడోసారి అడిగేసరికి మల్లమ్మ మొహం మాడిపోయింది. పుణ్యవతి నా వైపు వంగి, కళ్లలోకి చూసింది. తర్వాత మల్లమ్మ వైపు తిరిగి ఏదో అంది. ఏమందో తెలియలేదు. ఆమె పెదవి చివర నవ్వు మాత్రం స్పష్టంగా తెలిసింది. నూనె సీసా కుర్చీ కిందనే ఉంది, నా చెవులూ నాకే ఉన్నాయి. మరి నిన్నటిదాకా అందిన మాట ఇవాళ ఏమైంది? బోసిగోడను చూశాను. మహిమ నూనెది కాదు.

అప్పుడే సురేంద్ర ఆఫీసు సంచీతో గుమ్మంలోకి వచ్చాడు. చప్పట కొట్టాడు. మెడ వాల్చలేదు. నా ముఖం చూశాడు, గోడలు చూశాడు, సంచీ అక్కడే వదిలేసి మెట్లెక్కి పరుగెత్తాడు. నిమిషంలో తల కనబడకుండా బొంతల గుట్టతో దిగాడు. ఒకటి సోఫా మీద, రెండు నేల మీద పరిచాడు. ఒకటి మల్లమ్మ చేతుల్లో పెట్టాడు, ఒకటి బాలమ్మ చేతుల్లో. చివరిది పుణ్యవతికి మెడ దాకా చుట్టాడు.

"పైన రికార్డింగు పెట్టుకున్నా అక్కా. మీ మాటలన్నీ అందులో పడతాండాయి. జర ఎత్తి పట్టుకోండి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి, లేకుంటే మీ తగాదా ఊరంతా వింటాది!"

ఊరంతా వింటుందంటే ఎవరు కాదంటారు? తోటికోడళ్లిద్దరూ గడ్డం దాకా బొంతలు ఎత్తి పట్టుకుని, ఎదురెదురుగా కూర్చుని, చెమటలు కక్కుతూ, వంతులవారీగా కొట్లాడారు. పుణ్యవతికి చేతులు బయటికి రాలేదు. నాకు మాట తెల్లటి అన్నంలా విడివిడిగా వచ్చింది. మెట్ల కింద చోటులో మల్లమ్మ బట్టల మెషిన్ పెడతానంటుంది, బాలమ్మ తులసి కుండీ పెడతానంటుంది. అంతే!

"మెట్ల కింద ఎండ పడుతదా బాలమ్మా?"

"పడదు."

"తులసమ్మను చీకట్ల పెట్టి చంపుతవా? మిద్దె మీద పెట్టు. మెషిన్ కింద పెట్టు. మల్లమ్మా, రోజూ తులసికి నీళ్లు నువ్వు పొయ్యి. లేవుండ్రి ఇగ."

బొంతలు దించి, మొహాలు తుడుచుకుని, ఇద్దరూ కలిసి వెళ్లిపోయారు. పుణ్యవతికి చుట్టిన బొంతను సురేంద్ర విప్పాడు. ఆమె కొంగుతో విసురుకుంటూ వెళ్లింది.

నేను నేరుగా పైవాటాకు ఎక్కాను. వెనక గది తలుపు తోశాను. మైకు గుడ్డ కప్పి ఉంది. పిట్టగోడ మీద తువ్వాలు లేదు. రికార్డింగూ లేదు, పాడూ లేదు.

సురేంద్ర నా వెనకే వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎప్పటిసంది తెలుసు?" అన్నాను.

"ఇల్లు చూడనొచ్చిన రోజే అవ్వా. మీ యెనకాల చప్పట కొట్టినా. మీరు తిరగలేదు. హాలు మోతేమో అనుకొని మిద్దె మీద గూడా కొట్టినా. అప్పుడూ తిరగలే."

"మెట్ల మీదికెళ్లి మోత నీ గదిలకొస్తుందన్నవ్?"

"నా గది తలుపు మూస్తే ఏమీ రాదు."

"ఎవలికన్న చెప్పినవా? మధుకర్‌కు?"

"ఎవురికీ చెప్పలే. నేను గోడలకు బొంతలు కట్టే పిచ్చోణ్ణి గదా, ఎందుకు కట్టినావని నన్నెవురూ గట్టిగా అడగరు."

రెండు నెలలు ఊరి చేత తిక్కవాడనిపించుకున్నాడు, నా కుర్చీ నా కిందనే ఉండాలని. తిట్టడానికే పైకెక్కాను. తీరా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, నా ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా దాచుకోవడానికి వీల్లేకుండా వినబడింది.

ఇప్పుడతను తెల్లాపూర్‌లో సొంత ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోయాడు. పైవాటాలో వేరేవాళ్లున్నారు, మంచివాళ్లే. తాళం తీసుకుని నేరుగా లోపలికి వెళ్లిపోతారు, గోడలను పలకరించరు. ఇల్లు బోసిపోయినట్టుంటుంది. అలాంటప్పుడు నాకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

"అవ్వా, నాకొక సాయం చేస్తారా?" అన్నాడు, నేను కొంగుతో మొహం తుడుచుకునేదాకా కిటికీ వైపు చూసి.

"ఇగ బొంతలు లేవు."

"బొంతలు గాదు. ఇక్కడ దగ్గర్లోనే ఒక చెవుల దవాఖాన ఉండాది. అందులో చెవులు పరీక్ష చేసే చిన్న గది. జానెడు మందం తలుపు, నాలుగు పక్కలా ఉన్ని, పైన గూడా ఉన్ని. అందులో చప్పట కొడితే సొంత చేతులు కొట్టినట్టే తెలియదంట. మూడేండ్లుగా ఆశ నాకు. రెండుసార్లు పోయినా. పేషెంటు యాడ అని అడిగి వాకిట్లోనే ఆపేసినారు."

"అయితే?"

సురేంద్ర గుమ్మం దాకా వెళ్లి, మెట్ల మీద ఎవరూ లేరని చూసి, తలుపు వేసి వచ్చాడు. నా ముందు రెండు చేతులూ జోడించాడు.

"శనివారం పొద్దున పోదాం. నేను మీ మనవణ్ణని చెప్తా. ఒక్క గంటసేపు, నా కోసం, మీకు చెవులు సరిగ్గా వినపడనట్టు నటిస్తారా అవ్వా?"